ఇంటర్వెల్ కబుర్లు: ఎనిమిది సీట్ల హాలు

ఈ వారం ఉత్తరాల కట్టలో హీరోయిన్ల పెళ్ళిళ్ళ సంగతులు, ఫలానా సినిమా ఎందుకు ఆడలేదన్న తగాదాలు, మా హీరో గొప్పా మీ హీరో గొప్పా అన్న సవాళ్ళు... అన్నీ పక్కన పెట్టేశాను. అలగకండి. వాటికి వచ్చే వారం ఒక్కసారే జవాబులిచ్చేస్తాను. ఎందుకంటే వీర్నపల్లి నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వెయ్యొద్దన్నారు. వెయ్యను.

వీర్నపల్లి ఎక్కడంటారా? రాజన్న సిరిసిల్ల జిల్లాలో. 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు మండలమయిన ఊరు. గుట్టలు, అడవి, చుట్టూ లంబాడీ తండాలు. అక్కడ నుంచి ఈ సోదరి ఏం రాశారో ఆమె మాటల్లోనే కొంచెం చదవండి:

"నేను క్లినికల్ సైకాలజీల ఎం.ఫిల్. చేసిన. అమ్మకు పానం బాగలేక పట్నం ఇడిసి ఇంటికొచ్చిన. ఊకె కూసోవుడెందుకని ఫోన్ల, ఆన్‌లైన్ల గ్రూప్ థెరపీ షురూ చేసిన. తొమ్మిది మంది పేర్లిచ్చిండ్రు. మొదటి దినం నలుగురే వచ్చిండ్రు. మూడో వారానికి ఇద్దరే మిగిలిండ్రు. వాళ్ళు సుత కెమెరా బందు పెట్టుకున్నరు. మా నాయిన 'పిచ్చోళ్ళ డాక్టరమ్మవైతివి, గా పిచ్చోళ్ళు సుత వస్తలేరు గదనే' అంటున్నడు. రీల్స్ తీసి పెడితే జనం వస్తరా? షార్జల ఉన్న మా దిక్కు పోరగాళ్ళను కలుపుకోవచ్చా? గ్రూపుల 'బలగం' సినిమా చూపియ్యచ్చా? లేకుంటె అంతా బందు పెట్టి పట్నం పోవాల్నా?"

సినిమా పత్రికకు ఈ ప్రశ్నలేమిటని నవ్వే వాళ్ళు నవ్వవచ్చు. నాకు మాత్రం నవ్వు రాలేదు. సిరిసిల్ల చుట్టుపక్కల మరమగ్గం కార్మికుల ఆత్మహత్యల వార్తలు మనం ఇరవై ఏళ్ళకు పైగా పేపర్లలో చదువుతూనే ఉన్నాం. అలాంటి చోట మనసు వైద్యం నేర్చిన పిల్ల ఒకతె దుకాణం తెరిచి, బోణీ కాక మూసేద్దామా అనుకుంటోంది. సినిమా ఫట్టయిందంటే మనం ఎన్ని పేజీలు రాస్తాం! దీనికి రెండు పేజీలు రాస్తే తప్పేమిటి?

ముందు తెలియని వాళ్ళ కోసం. గ్రూప్ థెరపీ అంటే నలుగురు కూర్చుని ఏడ్చుకోవడం కాదు. 1905లో అమెరికాలోని బోస్టన్ నగరంలో జోసెఫ్ ప్రాట్ అనే డాక్టరుగారు పేద క్షయ రోగుల్ని వారానికోసారి ఒక గదిలో కూర్చోబెట్టేవాడు. శానిటోరియం ఖర్చు పెట్టుకోలేని వాళ్ళు. ఇంటి దగ్గర ఎలా పడుకోవాలో, ఏం తినాలో చెప్పడానికే పిలిచాడు. చూడగా చూడగా ఆయనకు అర్థమయిందేమంటే, తన పాఠం కన్నా పక్క కుర్చీలోని రోగి మాట ఎక్కువ ధైర్యమిస్తోందని! మన దేశంలోనూ 1950లలో అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల ఇంటివాళ్ళను కూడా రప్పించి, ఆసుపత్రి ఆవరణలోనే గుడారాలు వేయించి, అందర్నీ కలిపి కూర్చోబెట్టి మాట్లాడేవారు. ఇంటివాళ్ళు ఆసుపత్రి గేటు దగ్గర మనిషిని వదిలేసి పోయే రోజుల్లో ఇది!

"ఈ బాధ నాకొక్కడికే కాదన్నమాట" అనే ఎరుక ఉంది చూశారూ, ఒక మనిషి ఒంటరిగా డాక్టరు ఎదుట కూర్చుంటే అది రాదు. డాక్టరు ఎంత చెప్పినా నమ్మడు. తనలాంటివాడు ఇంకొకడు చెబితేనే నమ్ముతాడు. ఈ విద్యలో పెద్దబాలశిక్ష లాంటి పుస్తకం 1970లో ఇర్విన్ యాలోమ్ అనే అమెరికన్ డాక్టరు రాశాడు. అందులో ఈ సంగతికి పెద్ద పీటే వేశాడు.

మన సినిమాల్లో మనసు వైద్యం ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా? తలకు దెబ్బ తగిలితే గతం పోతుంది, ఇంకో దెబ్బ తగిలితే తిరిగొస్తుంది. కరెంటు షాకు, మూడు కేకలు, ఒక పాట. 'చంద్రముఖి' (2005)లో రజనీకాంత్ సైకియాట్రిస్టే, కానీ వైద్యం మాత్రం సెట్టింగులు వేసి నాటకం ఆడించి చేస్తాడు. చూడ్డానికి భలేగా ఉంటుంది, కాదనను.

అయితే గ్రూపు వైద్యానికి అతి దగ్గరగా వచ్చిన తెలుగు సినిమా, తను ఆ పని చేస్తున్నానని తెలియకుండానే చేసిన సినిమా ఒకటుంది. అది కూడా ఈ సోదరి ఇలాకాలోనే తీసినది. సిరిసిల్ల బిడ్డ వేణు యెల్దండి తీసిన 'బలగం', 2023 మార్చి 3న విడుదలైంది. కథ మీకు తెలుసు. నల్లి బొక్క దగ్గర మొదలైన అలక ఇరవై ఏళ్ళు సాగుతుంది. తాత కొమురయ్య పోతాడు. పిట్టకు పెడితే కాకి ముట్టదు. చివర్లో కొమురమ్మ, మొగిలయ్య దంపతులు వచ్చి పాడతారు, ఒక్కొక్కరి కళ్ళలోకి చూసి పాడతారు, ఇల్లంతా కరిగిపోతుంది. (ఆ మొగిలయ్యగారు 2024 డిసెంబరులో కన్నుమూశారు.) ఆ ఏడాది పల్లెల్లో తెరలు కట్టి ఈ సినిమా చూశారు. ఊరు ఊరంతా ఒకచోట కూర్చుని ఏడ్చింది. మాటల్లేని అన్నదమ్ములు కలిశారని పేపర్లలో వచ్చింది. ఊరకే వేస్తున్నారని నిర్మాతలు పోలీసులకు ఫిర్యాదు చెయ్యవలసి వచ్చిందంటే ఎంత ఊపో చూడండి!

మరి అది గ్రూప్ థెరపీయేనా? కాదు. నా లెక్కలో దానికీ దీనికీ ఉన్న తేడాలోనే ఈ సోదరి ప్రశ్నలన్నిటికీ జవాబుంది.

బలగంలో ఏడుపు ఊరందరి ముందూ జరుగుతుంది. ఒక్కసారే జరుగుతుంది. మర్నాడు ఆ అన్నదమ్ములు పొలం గట్టు దగ్గర మళ్ళీ తగాదా పడితే అడిగే నాథుడు లేడు. థెరపీలో తలుపు మూసి ఉంటుంది. అదే మనుషులు, అదే వేళకు, వారం వారం వస్తారు. విన్నది బయటికి పోదు. మధ్యలో కూర్చున్న మనిషి చదువుకున్న మనిషి, ఎవరిని ఎప్పుడు మాట్లాడించాలో, ఎప్పుడు ఆపాలో తెలిసిన మనిషి. సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల వాడల్లో ఆడవాళ్ళు ఒళ్ళో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతూ కష్టసుఖాలు చెప్పుకుంటారు కదా, మనసు తేలికవుతుంది కదా... అంతా నిజమే. కానీ ఆ అరుగు మీద చెప్పుకోలేని సంగతులు కొన్ని ఉంటాయి. మొగుడు దుబాయి నుంచి ఆరు నెలలుగా పైసలు పంపలేదన్నది చెప్పుకోవచ్చునేమో గానీ, రాత్రి నిద్ర పట్టక ఏమేం ఆలోచనలు వస్తున్నాయో చెప్పుకోలేదు. చెబితే సాయంత్రానికి వాడంతా తెలుస్తుంది.

కాబట్టి సోదరీ, మీ పనికి అసలు సరుకు గోప్యం. జనం రాకపోవడానికి వాళ్ళకు బాధ లేక కాదు, ఎవరైనా చూస్తారని. ఇక్కడే ఆన్‌లైన్ మీకు కలిసివస్తుంది. సిరిసిల్లలో బోర్డు కట్టిన గదిలోకి ఎవరు వెళ్ళారో బస్టాండు దాకా తెలిసిపోతుంది, ఫోనులోకి ఎవరు వెళ్ళారో తెలియదు. అయితే మీరొక పని చెయ్యాలి. ఒక ఊరివాళ్ళను ఇద్దర్ని ఒకే గ్రూపులో వెయ్యకండి. వీర్నపల్లి నుంచి ఒకరు, కోరుట్ల నుంచి ఒకరు, జగిత్యాల నుంచి, వేములవాడ నుంచి ఒక్కొక్కరు. గదిలో జరిగే వైద్యానికి ఇది సాధ్యం కాదు, మీకు సాధ్యం. చుట్టరికాలు కూడా ముందే విచారించుకోండి. మన వైపు మూడు మాటలు మాట్లాడితే వరస కలుస్తుంది!

ఇంకొకటి, వాట్సాప్ గ్రూపు తియ్యకండి. అందరి నంబర్లూ అందరికీ కనబడిపోతాయి. ఎవరి లింకు వారికి విడిగా పంపండి. తెరమీద మారుపేరుతో కూర్చున్నా ఫరవాలేదు గానీ మీ పుస్తకంలో మాత్రం అసలు పేరు, ఆ రోజు ఎక్కడ కూర్చుని మాట్లాడుతున్నారో ఆ చిరునామా, అవసరమైతే పిలవడానికి ఒక దగ్గరి మనిషి ఫోను నంబరు ఉండాలి. ఎనిమిది మందిలో ఒకరు "నాకింక బతకాలని లేదు" అంటే మీరు వీర్నపల్లిలో కూర్చుని ఏం చేస్తారు? ఆ సంగతి మొదటి రోజుకు ముందే తేల్చుకోవాలి. టెలీ మానస్ 14416 నంబరు రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులోనూ మాట్లాడతారు. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. అది మీ గ్రూపు వాళ్ళందరి దగ్గరా ఉండాలి. (పాఠకుల్లో ఎవరికైనా ఆ అవసరం ఉంటే మీరూ రాసుకోండి. సిగ్గుపడే పని కాదు.)

కెమెరా బందు పెట్టుకుంటున్నారన్నారు. కోపగించకండి, ఎందుకో అడగండి. ఒకటే గది ఉన్న ఇంట్లో కెమెరా తెరిస్తే వెనక మంచం మీద అత్తగారు కనబడుతుంది. అత్తగారు కనబడితే ఆ కోడలు ఏం మాట్లాడుతుంది? మిగతా ఏడుగురు మాత్రం ఏం మాట్లాడతారు? కాబట్టి చేర్చుకునే ముందే ఒక్కొక్కరితో విడిగా గంటసేపు మాట్లాడి, ఎక్కడ కూర్చుంటారు, ఇయర్‌ఫోన్లున్నాయా, తలుపుందా అన్నది తేల్చండి. ఎవరైనా గదిలోకి వస్తే చెప్పడానికి ఒక గుర్తుమాట పెట్టుకోండి. "కరెంటు పోయింది" అంటే చాలు, అందరూ మాట మార్చేస్తారు. ఇలా ముందు మాట్లాడకుండా పేర్లు రాసుకుని లింకులు పంపితే తొమ్మిది మంది ఇద్దరవడం ఈ వృత్తిలో వింతేం కాదు. తెలియని ఎనిమిది ముఖాల ముందు మొదటిసారి కూర్చోవడమంటే కొత్త నటుడికి కెమెరా ముందు మొదటి షాట్ లాంటిది. రిహార్సల్ ఉండాలి.

ఎంతమంది? ఏడెనిమిది. యాలోమ్ చెప్పిన లెక్క కూడా అదే. గంటన్నర సేపు. పన్నెండు వారాలని ముందే చెప్పి, నలుగురితో మొదలుపెట్టకుండా ఏడుగురు కుదిరేదాకా ఆగండి. సినిమా హాలుకు వెయ్యి సీట్లుంటే గొప్ప. మీ హాలుకు ఎనిమిదే సీట్లు. హౌస్‌ఫుల్ బోర్డు బయట పెట్టడానికి వీల్లేదు కూడా!

వేళ సంగతి ఆ ప్రాంతంలో పుట్టినవారు, మీకు నేను చెప్పనక్కర్లేదు. మరమగ్గాల్లో పన్నెండు గంటల షిఫ్టులు. పగటి షిఫ్టు వాడికి రాత్రి తొమ్మిదింటికి కుదురుతుంది, రాత్రి షిఫ్టు వాడికి కుదరదు. రెండింటికీ కలిపి ఒక గ్రూపు పెట్టాలని చూస్తే రెండూ పోతాయి.

ఇక షార్జా కుర్రాళ్ళు. ఇక్కడ రాత్రి తొమ్మిదయితే అక్కడ ఏడున్నర, సౌదీ, ఖతార్‌లలో ఆరున్నర. వేళ కుదురుతుంది. వాట్సాప్ కాల్ ఆ దేశంలో ఏళ్ళ తరబడి పలకదని వాళ్ళకే తెలుసు, వేరే యాప్ చూసుకోవాలి. అసలు చిక్కు అది కాదు. క్యాంపు గదిలో మంచం మీద మంచం వేసుకుని ఉండేవాడికి తలుపెక్కడిది? రెండో చిక్కు చట్టం. 2020లో మన దేశంలో దూరం నుంచి చేసే వైద్యానికి, అందులో మనోవైద్యానికి నియమావళులు వచ్చాయి, కానీ అవి ఇక్కడి రోగులకు. పరాయి దేశంలో ఉన్నవాడికి చికిత్స చేస్తే ఆ దేశం లైసెన్సు సంగతి వస్తుంది. కనుక్కోకుండా దిగకండి. దానికన్నా నన్నడిగితే, ఇక్కడ ఉండిపోయిన వాళ్ళ భార్యలతో ఒక గ్రూపు పెట్టండి. దుబాయి పోయినవాడి మీద పాటలొచ్చాయి, 2017లో 'గల్ఫ్' అని సినిమా కూడా వచ్చింది. గుమ్మంలో నిలబడి సాగనంపిన మనిషి మీద ఎవరు సినిమా తీశారు?

మీ విద్యకు హద్దులున్నాయన్నది కూడా గుర్తుంచుకోండి. ఎం.ఫిల్. చేశారు కాబట్టి రీహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్టరులో పేరు ఉండి తీరాలి, ఆ నంబరు అడిగినవారికి చూపించండి. డిగ్రీ లేకుండానే "లైఫ్ కోచ్" బోర్డు కట్టేవాళ్ళు చాలా మంది తయారయ్యారు కాబట్టి చెబుతున్నాను. మందులు మీరు రాయలేరు, ఒక సైకియాట్రిస్టుతో మాట ఉండాలి. తాగుడు మానాలని వచ్చినవాణ్ణి ముందు ఆసుపత్రికే పంపండి. 2015లో కల్తీ కల్లుకు అడ్డుకట్ట పడినప్పుడు, దానికి అలవాటుపడిన జనం వణుకుతో, ఫిట్లతో ఎర్రగడ్డ ఆసుపత్రికి ఎలా వచ్చారో గుర్తుందా? ఒళ్ళు కుదుటపడ్డాక గ్రూపు. అప్పులవాడికీ అంతే. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డరుతో సిరిసిల్ల మగ్గాలు ఆడాయి, 2024లో ఆ చీరలు ఆగిపోయేసరికి ఎన్ని ఇళ్ళలో పొయ్యి చల్లబడిందో! తరవాత మహిళా సంఘాల చీరల ఆర్డరు వచ్చింది. మగ్గం ఆగితే వచ్చే దిగులుకు మగ్గం ఆడడమే మందు. మీ గ్రూపు చెయ్యగలిగిందల్లా, మగ్గం మళ్ళీ ఆడేదాకా మనిషిని నిలబెట్టడం. అది చిన్న పని అని నేననను.

డబ్బు మాట కూడా చెప్పుకోవాలి కదా. ఉదాహరణకు ఒక్కరికి గంటకు ఆరు వందలు తీసుకుంటారనుకోండి. ఎనిమిది మంది దగ్గర నూట యాభై చొప్పున తీసుకుంటే గంటన్నరకు పన్నెండు వందలు. బీడీ కార్మికురాలికీ భారం కాదు, మీకూ నష్టం లేదు. రెండు గ్రూపులు నిలబడితే అమ్మ మందుల ఖర్చు వస్తుంది. మొదటి గ్రూపు పన్నెండు వారాలూ పూర్తిచేశాకే రెండోది. మొదటి సినిమా ఆడకముందే మూడు సినిమాలకు అడ్వాన్సులు తీసుకున్న నిర్మాతలు ఏమయ్యారో మన పత్రిక చదివేవాళ్ళకు తెలుసు.

రీల్స్ తియ్యమంటారా అన్నారు. తియ్యండి. నిద్ర పట్టకపోతే ఏం చెయ్యాలి, పరీక్ష తప్పిన పిల్లాడితో ఇంట్లో ఎలా మాట్లాడాలి... ఇలాంటివి మీ యాసలోనే చెప్పండి. మీ దిక్కువాళ్ళకు పుస్తకాల తెలుగు కన్నా అదే తగులుతుంది. కానీ సినిమా హాలు బయట మైకు పెట్టి "ఎలా ఉంది బ్రదర్?" అని అడిగినట్టు, మీ దగ్గర బాగుపడ్డవారి చేత మాత్రం మాట్లాడించకండి. సొంతంగా వస్తామన్నా వద్దనండి. ఒకరి ముఖం బయటపడిన రోజున మిగతా ఏడుగురూ లేచిపోతారు. సినిమా వ్యాపారం పబ్లిసిటీ మీద బతుకుతుంది, మీది నోరు కట్టుకోవడం మీద బతుకుతుంది. మీకు జనాన్ని పంపేది రీల్స్ కాదు. ప్రభుత్వాసుపత్రి డాక్టరు, ఆశా కార్యకర్త, హైస్కూలు టీచరు. వాళ్ళ దగ్గరికి వెళ్ళి కూర్చోండి. తమిళనాడులో స్కార్ఫ్ అనే సంస్థ 2010 నుంచి పుదుక్కోట్టై జిల్లా పల్లెల్లో బస్సు తిప్పింది. బస్సులో టీవీ తెర మీద చెన్నై డాక్టరు, బస్సులోనే మందులు! తెర ఒక్కటే పని చెయ్యలేదు. ఊళ్ళో తిరిగే మనుషులు తోడుండబట్టే జనం బస్సెక్కారు.

మీ గురించి కూడా ఒక మాట. 1960లో గుత్తా రామినీడుగారు తీసిన 'చివరకు మిగిలేది' వీలైతే చూడండి. సావిత్రి మానసిక చికిత్సాలయంలో నర్సు. ప్రేమ నటించి రోగిని బాగుచేస్తుంది, బాగుపడినవాడు వెళ్ళిపోతాడు, చివరికి మతి చలించేది ఆమెకే. అరవై ఏళ్ళు దాటినా ఈ వృత్తిలోని ప్రమాదాన్ని అంత సూటిగా చెప్పిన సినిమా తెలుగులో నాకు ఇంకొకటి కనబడలేదు. ఎనిమిది మంది దిగులు వారం వారం విని, పక్క గదిలో జబ్బు తల్లిని చూసుకుంటూ, మీరు ఎవరికి చెప్పుకుంటారు? మీకు చదువు చెప్పిన సీనియరు ఒకరితో నెలకు రెండుసార్లయినా మాట్లాడే ఏర్పాటు చేసుకోండి. దానికి ఫీజు ఇవ్వవలసి వచ్చినా ఇవ్వండి.

పట్నం పోవాలా అన్నదానికి: మొదటి పన్నెండు వారాలు ఒక్కసారైనా సరిగ్గా నడిపి చూడకుండా పోవద్దంటాను. పట్నంలో మీలాంటివాళ్ళు వీధికొకరు ఉన్నారు. సిరిసిల్ల మాట తెలిసినవాళ్ళు ఎందరున్నారు? మీ నాయిన మాటకు నొచ్చుకోకండి. ఇంట్లో ఒక మనిషి మంచం పట్టి, బిడ్డ పట్నం వదిలి వచ్చేస్తే ఏ తండ్రికైనా దిగులుంటుంది, దాన్ని వెక్కిరింతలో దాచుకుంటాడు. ఇది మీకు తెలియనిదేం కాదు, మీ పుస్తకాల్లోదే.

చివరి ప్రశ్న, బలగం చూపించవచ్చా? సినిమా మొత్తం మీరు వెయ్యకండి, నిర్మాతల గొడవ ఎందుకు, ఎవరింట్లో వాళ్ళను చూసి రమ్మనండి. పాట దగ్గర ఏడిచారా లేదా అన్నది అడగకండి, అందరూ ఏడుస్తారు, ఏడవనివాడు తనకేదో లోపముందనుకుంటాడు. మొదట్లో ఆ భోజనాల దగ్గర ఆగండి. "మీ ఇంట్లో నల్లి బొక్క ఏది?" అని ఒక్క ప్రశ్న వేసి, మీరు మాట్లాడకుండా కూర్చోండి. రెండు నిమిషాలు ఎవరూ పలకరు. కంగారుపడి మీరు పూరించకండి. ఎవరో ఒకరు కెమెరా తెరుస్తారు.

వచ్చే వారం: "మా హీరోకు నేషనల్ అవార్డు ఎందుకు రాలేదు?" అని అడిగిన కోరుట్ల అభిమానులకు జవాబు. గొడవకు సిద్ధంగా ఉండండి.